జీడి నోట్లో ఉన్నంతసేపు

తెనాలి స్టేషను బయట, ఆటోలు ఆగే చోటికి ఇవతల, ఒకాయన గోడకి మేకు దిగ్గొట్టి, దానికి బెల్లం పాకం తగిలించి, ఆడవాళ్ళు జడ వేసేముందు జుట్టు లాగినట్టు లాగుతుంటాడు. లాగినకొద్దీ నల్లటి పాకం పచ్చబడి మెరుస్తుంది. దానికి నువ్వులు అద్ది ముక్కలు కోస్తే జీళ్ళు. ఆ వాసనకి ఎవరికైనా తిరునాళ్ళు గుర్తొస్తాయి. నాకు రాఘవయ్య గారు గుర్తొస్తారు. గుర్తొచ్చిన వెంటనే ముందు ఒళ్ళు మండుతుంది, ఏడుపు తర్వాత వస్తుంది. మొన్న ఆదివారం బాపట్ల నుంచి వచ్చే బండి దిగి బయటికి వస్తుండగా మళ్ళీ ఆ వాసన తగిలింది. పొట్లం కట్టమన్నాను. "ఇన్నేళ్ళ నుంచి కొంటన్నారు, మీ పళ్ళెలా ఆగుతున్నాయండీ?" అన్నాడతను నవ్వుతూ. "ఆగట్లేదయ్యా, ఊడుతున్నాయి" అన్నాను.

రాఘవయ్య గారి ఇంటిపేరు చెప్పను. చెప్పొద్దని ఆయనే అన్నారు. మీలో ఎవరూ ఆయన్ని ఎరిగి ఉండరు. ఎరిగినా, రేపల్లె వైపు బస్సులో నిలబడి టిక్కెట్టు కొట్టించుకుని ముఖం చూడకుండా దిగిపోయి ఉంటారు. ఆయన కండక్టరు. తాగి డ్యూటీ ఎక్కి, ఎక్కాల్సిన వాళ్ళందరూ ఎక్కకముందే రైట్ కొట్టిన రోజులు చాలా ఉన్నాయని ఆయనే చెప్పేవారు. నేను ఎరిగేనాటికి ఉద్యోగమూ లేదు, తాగుడూ లేదు. గొంతు మాత్రం మిగిలింది. పదిమంది ఉన్న గదిలో కూడా కిక్కిరిసిన బస్సులో మాట్లాడినట్టే మాట్లాడేవారు.

నాది బాపట్లలో ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళ ఫొటోలు తీస్తాను. ఈ వృత్తిలో ఉన్న సుఖమేమిటంటే మనకి మనం మందు కొనుక్కోనక్కర్లేదు. మగపెళ్ళివారు పోస్తారు, ఆడపెళ్ళివారు పోస్తారు, లైట్లు పట్టుకునేవాడితో సహా అందరికీ పోస్తారు. "ఫొటోగ్రాఫరు గారికి ఓ పెగ్గెయ్యండ్రా, ఫొటోలు బాగా వస్తాయి" అనడం మా వైపు మర్యాద. అలా మర్యాదలు తాగి తాగి, ఒక పెళ్ళిలో తాళి కట్టే సమయానికి వంటశాల వెనక పడుకుని ఉన్నాను. జీలకర్ర బెల్లం ఫొటో ఉంది, తలంబ్రాలు ఉన్నాయి, మధ్యలో తాళి లేదు. పెళ్ళికూతురు తండ్రి నన్ను కొట్టలేదు. "మా పిల్లకి మళ్ళీ కట్టిస్తావా ఏంటయ్యా?" అని అడిగాడు. కొట్టినా బాగుండేది.

మా ఆవిడ పద్మ అన్నీ చేసింది. పసరు మందు ఎవరో ఇస్తే పులుసులో కలిపి పెట్టింది. నాకు విరేచనాలు పట్టుకున్నాయి తప్ప ఇంకేమీ అవలేదు. పిల్లాడి తలమీద ఒట్టు వేయించింది. చివరికి మాల వేయించింది. మా వీధిలో ప్రతి తాగుబోతు ఇంట్లోనూ ఇదే వైద్యం. నల్లబట్టలు కట్టుకుని, చన్నీళ్ళు పోసుకుని, మండలం రోజులు స్వామీ స్వామీ అనిపించుకున్నాను. నిజంగానే చుక్క ముట్టలేదు. అందరూ మారిపోయాడన్నారు. కొండకి వెళ్ళి, మాల తీసి, ఊళ్ళో రైలు దిగి, ఇంటికి వెళ్ళేదారిలో ఇన్నాళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చేశాను. ఇరుముడి ప్రసాదం సంచి బారు షాపులో మరిచిపోయి వచ్చిన భక్తుణ్ణి నేను. మర్నాడు ఆసుపత్రి కాంపౌండరు చెప్పాడని, తెనాలిలో ఆదివారాలు తాగుడు మానినవాళ్ళు కలుసుకుంటారని పద్మ చెప్పింది. మార్కెట్టు దగ్గర ఏదో మేడమీదట. "వెళ్తే వెళ్ళు, లేకపోతే మేం పుట్టింటికి పోతాం" అంది.

వెళ్ళాను. కానీ అడగడం ఎలా? తాగొచ్చి నడివీధిలో పడిపోవడానికి లేని సిగ్గు, మానే చోటెక్కడని అడగడానికి వచ్చింది. టీ కొట్టు దగ్గర నిలబడి, "ఇక్కడేదో మీటింగ్ జరుగుతుందంటండి" అన్నాను.

"ఏ మీటింగండి? పార్టీదా, చీటీలదా, ప్రార్థనా?"

"ప్రార్థనే" అనేశాను.

పాపం అతను కొట్టు వదిలి వచ్చి మరీ దారి చూపించాడు. ఒక మేడమీద మొదటి అంతస్తులో, చాపల మీద కూర్చుని పాటలు పాడుతున్నారు. లేవలేక గంటసేపు కూర్చున్నాను. నా చేతులు వణుకుతుంటే ఒక పెద్దావిడ నా నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసింది. ఎన్నాళ్ళ తర్వాతో నా మీద పడిన మొదటి మంచి చెయ్యి అది. బయటికి వచ్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే పైమెట్టు మీద కూర్చున్న బట్టతల మనిషి పిలిచాడు.

"తమ్ముడూ, అది భక్తితో వచ్చిన వణుకు కాదు. నీ స్టేజీ పై అంతస్తు. రా, పైన ఖాళీ ఉంది."

ఆయనే రాఘవయ్య గారు.

పైన ఒక ట్యూషన్ గది. నల్లబల్ల మీద ఎవరో రాసిన లెక్క అలాగే ఉంది. ఏడెనిమిది మంది. కూర్చోగానే పక్కనున్న మనిషిని మనమందరం అడిగేదే అడిగాను. "ఏ ఊరండీ మీది? ఎవరి తాలూకు?" దుగ్గిరాల అనగానే, అక్కడ పసుపు యార్డు దగ్గర ఉండేవాళ్ళలో మా పిన్నికి వరసైనవాళ్ళు ఉన్నారని కూడా మొదలెట్టాను. తలుపు పక్క కుర్చీలోంచి రాఘవయ్య గారు గట్టిగా చప్పట్లు కొట్టారు.

"ఆపు, ఆపు. ఇక్కడ ఊరు లేదు, ఇంటిపేరు లేదు. ఎవరి అల్లుడు, ఎవరి బావమరిది అని ఆరా తీశావంటే రేపటికల్లా సగం జిల్లాకి తెలిసిపోద్ది. వీళ్ళ పిల్లల సంబంధాలు చెడిపోతాయి. మనందరిదీ ఒకటే గోత్రం నాయనా. తాగుబోతు గోత్రం. పేరు చెప్పి కూర్చో."

పేరు చెప్పాను. మోహన్. తర్వాత వాళ్ళు చెప్పినట్టు ఆ రెండో మాట కూడా చెప్పాను, తాగుబోతునని. అప్పటిదాకా ఆ మాట నన్ను అందరూ అన్నారు, నేను అనుకోవడం అదే మొదలు. ఎవరూ జాలిపడలేదు, ఎవరూ నవ్వలేదు. రాఘవయ్య గారు జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక జీడి నా చేతిలో పెట్టారు.

"దీని సంగతి విను. తాగాలనిపించినప్పుడు ఒకటి నోట్లో పడేసుకో. పళ్ళకి పట్టుకుంటది, దవడలు అంటుకుపోతాయి. తాగలేవు, మాట్లాడలేవు. ఎవడో పిలుస్తాడు, ఏదో అంటాడు. జీడి నోట్లో ఉన్నంతసేపు నువ్వెవడికీ జవాబు చెప్పక్కర్లేదు. అది కరిగేలోపు ఆ ఘడియ దాటిపోద్ది."

పిచ్చి వైద్యం అనుకున్నాను. చేబ్రోలులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు తెలిసింది. పెళ్ళికొడుకు మేనమామ గ్లాసు తెచ్చి నా కెమెరా ముందు పెట్టి, "తాగితేగాని మా వాడి ఫొటో తియ్యనివ్వను" అని కూర్చున్నాడు. చెరుకు గానుగ పక్కన చీమలా అయిపోయింది నా పరిస్థితి. పక్కకి వెళ్ళి ఆయనకి ఫోన్ చేశాను. "ఏడవకు. జీడి ఉందా? వేసుకో. ఫోన్ పెట్టెయ్యి, మాట్లాడేకొద్దీ తాగుతావు" అన్నారు, పెట్టేశారు. దవడలు బిగబట్టి తల అడ్డంగా ఊపుతూ ఫొటోలు తీశాను. మేనమామ కాసేపు చూసి, "వీడికి పంటినొప్పి కాబోలు" అని గ్లాసు తనే తాగేశాడు. ఆ పెళ్ళిలో తాళి ఫొటో నేను తీసిన అన్నిటిలోకీ మంచిది.

ఆయన దేవుడేమీ కాదు, అలా అనుకోకండి. ముక్కోపి. చెప్పిన జోకే చెప్పేవారు. మధ్యలో ఎవరైనా తాగొస్తే అందరిముందూ ఉతికేసేవారు. అలా ఉతికించుకుని ఒకతను మళ్ళీ రాలేదు, ఏడాది తిరక్కుండా పోయాడు. ఆ మాట ఎత్తితే రాఘవయ్య గారు రెండు వారాలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ నా విషయంలో ఒకటి చేశారు, అది నేను చచ్చేదాకా మరువను. "మీ ఆవిడ నమ్మిందా?" అని అడిగారు ఒకసారి. నమ్మలేదన్నాను. నేను ఇంటికి రాగానే ఇంకా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తోందని చెప్పాను. "తీసుకురా. ఇంట్లోవాళ్ళు రావచ్చు, మేం కాదనం. చెవులారా వింటేగాని ఆడవాళ్ళకి నమ్మకం కుదరదు" అన్నారు. పద్మ వచ్చింది. వెనక బల్లమీద కూర్చుని అందరి మాటలూ విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాఘవయ్య గారు ఆమెకీ ఒక జీడి ఇచ్చారు. "అమ్మా, ఇక నుంచి వాసన చూడకు. అనుమానమొస్తే నాకు ఫోన్ చెయ్యి" అన్నారు. ఆ తర్వాత నా ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

నా ఇంట్లో అంత చేసిన మనిషి తన ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీటింగ్ అయ్యాక స్టేషనులో బెంచీ మీద కూర్చుని నా బండి కోసం నేను, రేపల్లె బండి కోసం ఆయన ఎదురుచూసేవాళ్ళం. ఒకరోజు ఊరికే అడిగాను.

"మీ ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు కదండీ, ఇన్నేళ్ళు మానేశారని?"

"మా ఇంట్లో నేను ఇప్పటికీ తాగుబోతునే" అన్నారు. "ఆదివారం తెనాలి వస్తాను కదా, తాగడానికే అనుకుంటారు."

నవ్వులాటకి అన్నారనుకున్నాను. కాదు. మానేశానని ఎన్నిసార్లో ఒట్లు వేసి ఎన్నిసార్లో తాగొచ్చారట. కూతురి పెళ్ళిలో కన్యాదానం పీటల మీదనుంచి ఆయన్ని లేపి ఆయన తమ్ముణ్ణి కూర్చోబెట్టారట. ఆనాటినుంచి కొడుకు మాట్లాడడు. ఈయన పడక వసారాలో. అన్నం వసారాలోకే వస్తుంది. నిజంగా మానేసిన మొదట్లో చెప్పారట. కొడుకు చేతిలోని పళ్ళెం కింద పెట్టి నవ్వాడట. అంతే, మళ్ళీ చెప్పలేదు.

"మళ్ళీ చెప్పండి. లేదా నేనొచ్చి చెబుతాను" అన్నాను. "మా పద్మకి చెప్పినట్టే. నేను సాక్ష్యం."

"వద్దు. నమ్మనివాళ్ళకి నిజం చెప్పుకోడం అడుక్కోడమే తమ్ముడూ. నేను బతికుండగా గానీ, పోయాక గానీ మా ఇంటికొచ్చి నువ్వు నా గురించి చెప్పకూడదు. మీటింగులో మాట మీటింగులోనే. ఒట్టెయ్యి."

"ఒట్లు నమ్మొద్దని మీరే చెబుతారుగా!"

"అందుకే నీ చేత వేయిస్తున్నా. నువ్వేసిన మొదటి మంచి ఒట్టు ఇదే అవ్వాలి."

వేశాను. అది రూలు కాదు, ఉక్రోషం. ఇప్పటికీ అదే అంటాను. ముసలాయన ఇంటిమీద అలిగి, ఆ అలక్కి నియమమని పేరు పెట్టుకున్నాడు. ఆయన రూపాన్నయినా దాచుకుందామంటే ఆ గదిలో కెమెరా తీయకూడదు, బయట ఆయన తీయనిచ్చేవారు కాదు. ఊరందరి ఫొటోలూ తీసిన నా దగ్గర ఆయన ఫొటో ఒక్కటి లేదు.

చివరి ఆదివారం మీటింగ్ అయ్యాక బెంచీ మీద కూర్చుని, ఎడమచెయ్యి కుడిచేత్తో రుద్దుకుంటూ కనిపించారు. "తిమ్మిరెక్కింది. ఎండకి కాబోలు" అన్నారు. మజ్జిగ ప్యాకెట్టు తెచ్చి ఇచ్చాను. సగం తాగి, మనవరాలి కోసం కొన్న జీళ్ళ పొట్లం సంచిలో పెట్టుకుని, రేపల్లె బండి ఎక్కారు. కిటికీలోంచి "రైట్, రైట్" అన్నారు, ఎప్పటిలాగే.

తర్వాతి ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తాడు. "నాన్న పోయారండి. మీరెవరు?" అన్నాడు. తెనాలి నుంచి, తెలిసినవాణ్ణన్నాను. ఎలా పోయారని అడిగే ధైర్యం లేకపోయింది. పెద్దకర్మ ఎప్పుడో చెప్పి పెట్టేశాడు.

వెళ్ళాను. రేపల్లె నుంచి ఆటోలో కాలవ గట్టున వెళ్తే వాళ్ళ ఊరు. ఇంటిముందు షామియానా. దండ వేసిన ఫొటో ఒకటి పెట్టారు. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించింది. ఉబ్బిన ముఖం, ఎర్రకళ్ళు. నేను ఎరిగిన మనిషి కాడు. పెరట్లో చాప మీద విస్తరి. మా వైపు పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకి బతికుండగా ఏవి ఇష్టమో అవన్నీ వండి వడ్డించి పెడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. విస్తట్లో గారెలున్నాయి, చేపల పులుసుంది, పక్కన చుట్ట. ఆ పక్కన మూత తీసిన బ్రాందీ సీసా, నిండుగా పోసిన గ్లాసు.

ఏళ్ళ తర్వాత అంత దగ్గరగా ఆ వాసన. గబగబా జేబులో వెతుక్కుని ఒక జీడి నోట్లో పడేసుకున్నాను.

కాకి గోడమీద కూర్చుంది గానీ దిగడం లేదు. ఎవరో పెద్దాయన, "ఇంకా కోరిక తీరలేదురా మీ నాన్నకి. ఇంకొంచెం పొయ్యండి" అన్నాడు. పోశారు. గ్లాసు పొర్లి విస్తట్లోకి కారింది. మీరే చెప్పండి, ఏళ్ళ తరబడి ఒక్కో ఆదివారం కూడబెట్టుకున్న మనిషి నెత్తిన, పోయాక, సొంతవాళ్ళు తెచ్చి బ్రాందీ పోస్తుంటే చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో! ఆ విస్తరి ఎత్తి కాలవలో విసిరెయ్యాలనిపించింది. ఇంతలో కాకి దిగి, గ్లాసు వైపు చూడకుండా గారె ఎత్తుకుపోయింది. "చూశావా, పోసేదాకా దిగలేదు" అన్నాడు పెద్దాయన. అందరూ అవునన్నారు.

కొడుకు నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "తెనాలి నుంచి ఫోన్ చేసింది మీరేనా?" తలూపాను. "ప్రతి ఆదివారం మా నాన్నని కూర్చోబెట్టి తాగించింది మీరేనన్నమాట. ఇంకా దేనికొచ్చారండి, సీసాలో మిగిలిందానికా?" నిజం నాలుక చివరికొచ్చింది, దాన్ని జీడి పట్టుకుంది. నాలుకతో దాన్ని ఊడబెరకాలని చూస్తున్నాను. "సర్లెండి. వచ్చారు కాబట్టి భోంచేసి వెళ్ళండి. మా గుమ్మంలోకొచ్చిన మనిషిని పస్తు పంపం" అని వెళ్ళిపోయాడు. ఆ మర్యాద చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

జీడి కాస్త వదిలింది. చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. ఒట్టు గంగలో కలవనీ అనుకున్నాను. అప్పుడు ఆయన భార్య వచ్చింది. సన్నగా, నుదురు బోసిగా, మంచినీళ్ళ చెంబు పట్టుకుని. నా నోటివైపు చూసింది.

"మీరూ జీళ్ళు నములుతారా అన్నయ్యగారూ? ఆయనా అంతే. ఆ వాసన కప్పెట్టుకోడానికే అనుకునేదాన్ని."

నేను చెంబు అందుకున్నాను, తాగలేదు.

"ఆ ఆదివారం బండి దిగి నడిచొచ్చాడు. వసారాలోకి వస్తూనే పడ్డాడు. ఏదో చెప్పబోయాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఒకపక్కకి పోయింది. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాను. మావాడు చూసి, మత్తు దిగితే తనే లేస్తాడులే అన్నాడు. దుప్పటి కప్పి లోపలికెళ్ళి పడుకున్నాను. తెల్లారి టీ తెచ్చేసరికి..." ఆవిడ ఆగింది. చెంబు మీద ఉన్న నా చేతిమీద చెయ్యి వేసింది. గొంతు బాగా తగ్గించింది. "మీరు పక్కనే ఉన్నారు కదా ఆ రోజు. తాగే ఉన్నాడు కదా అన్నయ్యా? బాగా తాగే ఉన్నాడు కదా?"

ఆ కళ్ళు ఏం అడుగుతున్నాయో నాకు తెలిసింది. జీడి అప్పటికి కరిగిపోయింది. నోరు ఖాళీగా ఉంది. మాట్లాడొచ్చు.

తలూపాను. అవునన్నట్టు, గట్టిగా.

ఆవిడ ఊపిరి వదిలింది. "రండి, విస్తరి వేశాం" అంది. కూర్చున్నాను. పప్పన్నం కలుపుకుని తిన్నాను. ఆవిడే దగ్గరుండి వడ్డించింది.

ఇప్పుడు ఆదివారాలు తలుపు పక్క కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరూ పేరూ మొదలెడితే చప్పట్లు కొట్టి ఆపుతాను. జీళ్ళు పంచుతాను. ఆయన చెప్పినవన్నీ ఆయన మాటల్లోనే చెబుతాను, ఒక్కటి మాత్రం నాది కలుపుతాను. ఇంటికెళ్ళి చెప్పండ్రా అంటాను. నమ్మరు, మళ్ళీ చెప్పండి. నవ్వుతారు, మళ్ళీ చెప్పండి. అడుక్కోవడమే అయితే అడుక్కోండి, పౌరుషానికి పోకండి అంటాను. ఎందుకంత కోపంగా చెబుతారని అడుగుతారు. అది మాత్రం చెప్పను. రేపల్లె దగ్గర ఒక ఇంట్లో రాఘవయ్య గారు తాగి పోయిన మనిషి, నేను తాగించిన మనిషిని. ఒప్పుకుని వచ్చాను. ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పడుతోందో లేదో నాకు తెలియదు. నాకు పట్టడం లేదు.